సీల్డ్ బ్యాటరీకి పాత చార్జరా?

ఎడిటర్ గారికి,

ఎండాకాలం వెళ్లేసరికి విశాఖలో కార్ల బ్యాటరీలు వరసగా మొరాయిస్తాయి. జనం కంపెనీని తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు చార్జర్‌ది.

సీల్డ్ బ్యాటరీలో తగ్గిన నీటిని మళ్లీ పోసే దారి లేదు. చార్జింగ్‌లో 14.4 వోల్టులు చాలు. 14.8 దాటిందంటే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి పోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసుకునే రోజుల నాటి ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్లకు వోల్టేజీ అదుపు ఉండదు. రాత్రంతా వదిలేస్తే 16 దాకా ఎక్కించేస్తాయి. "రెండు గంటల్లో ఫుల్" అని షాపువాళ్లు అలాంటి చార్జర్‌కి తగిలించబోతే బ్యాటరీ వెనక్కి తెచ్చేసుకోండి. 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ నిల్వ సామర్థ్యం) బ్యాటరీకి ఎక్కించాల్సింది అందులో పదో వంతు, అంటే 3.5 ఆంపియర్లు. సగం దిగినదానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ముందు క్లిప్పులు, తర్వాతే స్విచ్. డబ్బా చేతికి కాలుతుంటే ఆపేయాలి. ఉబ్బితే ఇక దానిమీద ఆశ వదులుకోవడమే.

సెల్లార్‌లో ఊరికే ఉన్న కారు కూడా బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. అలారం, గడియారం కలిసి 50 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 1.2 ఏహెచ్, రెండు వారాల్లో 35 ఏహెచ్ బ్యాటరీ దాదాపు సగం ఖాళీ. అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత చార్జింగ్ సరిగా ఎక్కదు. రాత్రంతా ఆగిన కారుకి పొద్దున్నే మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) పెట్టండి: 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. మూత మీద చార్జింగ్ చూపించే పచ్చ కన్నుని నమ్ముకోవద్దు, ఆరు సెల్లుల్లో అది చూసేది ఒక్కదాన్నే.

బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లకు (కేబుళ్లు బిగించే చోట) పొడి పట్టడం మామూలే. వంటసోడా కలిపిన వేడినీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక వాసెలిన్ రాయాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు చివర.

కొనేటప్పుడు ఏహెచ్‌తో పాటు పాజిటివ్ టెర్మినల్ ఎడమకా (ఎల్), కుడికా (ఆర్) చూడాలి. 35ఎల్ బదులు 35ఆర్ తెస్తే కేబుల్ అందదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కార్లకు మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ పడాల్సిందే, మామూలుది ఎక్కువ కాలం నిలవదు. తయారై ఆరు నెలలు దాటిన సరుకు వద్దు. పాత బ్యాటరీ షాపులోనే ఇచ్చేస్తే ధరలో తగ్గిస్తారు.

షాపుల వాళ్లకు ఒక విన్నపం: బిల్లు మీద తయారీ నెల, ఇంజిన్ ఆన్‌లో ఉండగా టెర్మినళ్ల దగ్గర వచ్చిన వోల్టేజీ రాసివ్వండి. అది 13.8కి, 14.5కి మధ్య లేకపోతే ముందు ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) చూడమని చెప్పి, ఆ తర్వాతే కొత్త బ్యాటరీ అమ్మండి.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్, గాజువాక, విశాఖపట్నం