కోర్టుకొచ్చే సాక్షులకి కౌన్సిలర్ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం. మా పిన్ని ఒక ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసులో సాక్షి, వాయిదాకి తోడెళ్లాను, ముద్దాయిల మనుషులు ఎదురు బెంచీ మీదే కూర్చుంటే ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుతూ మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోయింది, రాత్రి అన్నం సహించలేదు. మన పక్కనే చుండూరులో 1991లో 8 మంది దళితుల్ని చంపితే స్పెషల్ కోర్టు తీర్పుకి 2007 దాకా పట్టింది, 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది, అన్నేళ్లు అదే చెప్పీ చెప్పీ ఆ ఇళ్లలోవాళ్లు ఎంత నలిగిపోయుంటారు? హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో సాక్షుల విభాగంలో ట్రామా (మనసుకి తగిలిన గాయం) గురించి తెలిసినవాళ్లు ఉండాలని ఆ కోర్టుని ఏర్పాటు చేసిన రోమ్ శాసనంలోనే రాశారు. మన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టంలోనూ 2015 సవరణతో సాక్షుల హక్కులు చేర్చారు కదా, మరి ప్రతి స్పెషల్ కోర్టు దగ్గర సాక్షులకి వేరే గది, ఒక కౌన్సిలర్ ఉండాలి, సాక్ష్యం అయ్యాక కూడా కొన్నాళ్లు ఇంటికొచ్చి పలకరించాలి.

ఒక పాఠకురాలు, గుంటూరు