కమాండ్ పంపితే సరిపోదు, జవాబు రావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో ఈమధ్య కంప్యూటర్ నుంచి, పరికరాలను నడిపే బుల్లి చిప్ అయిన మైక్రోకంట్రోలర్‌కు కమాండ్లు పంపడం గురించి వ్యాసం వేశారు. పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రాం ఒక అక్షరం పంపుతుంది, ఆ చిప్ ఉన్న ఆర్డ్యునో బోర్డు మీద ఎల్‌ఈడీ వెలుగుతుంది. దినపత్రికలో ఇలాంటివి తెలుగులో రావడమే సంతోషం. అయితే ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పిల్లల పక్కన నిలబడి ఇదే పని చేయించే ఇన్‌స్ట్రక్టర్‌ని కాబట్టి ఒక మాట చెప్పక తప్పడం లేదు. వ్యాసం పంపడం దగ్గరే ఆగిపోయింది. పంపింది అవతల అందిందా, అందితే అర్థమైందా, అర్థమైతే పని జరిగిందా అన్న ఊసే లేదు. మా ల్యాబ్‌లో గొడవలన్నీ మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

అందులో ఇచ్చిన పైథాన్ ప్రోగ్రాంలో పోర్టు, అంటే బోర్డుతో మాట్లాడే దారి, తెరిచాక రెండు సెకన్లు ఆగమని ఒక లైను ఉంది. ఎందుకాగాలో ఒక్క ముక్క రాయలేదు. చురుకైన పిల్లవాడు ముందుగా తీసేసేది ఆ లైనునే. తీసేస్తే మొదటి కమాండ్ గల్లంతు. ఆర్డ్యునో ఊనో అనే బోర్డులో కంప్యూటర్ పోర్టు తెరవగానే డీటీఆర్ అనే సిగ్నల్ మారుతుంది, ఆ మార్పు ఒక చిన్న కెపాసిటర్ గుండా వెళ్లి బోర్డును రీసెట్ చేస్తుంది. ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు బటన్ నొక్కే పని తప్పించడానికి చేసిన ఏర్పాటది. రీసెట్ కాగానే ముందు బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం లేస్తుంది, కొత్త ప్రోగ్రాం ఏమైనా వస్తోందేమోనని కాసేపు చూస్తుంది, ఆ తర్వాతే మనం రాసింది మొదలవుతుంది. ఈలోగా పంపినవి మన ప్రోగ్రాం చెవిన పడవు. ఆర్డ్యునోలోనే ఇంకో రకమైన లియొనార్డో బోర్డులో ఇలా రీసెట్ కాదు. అందుకే ఒకే ప్రోగ్రాం ఈ బల్ల మీద ఒకలా, పక్క బల్ల మీద ఇంకోలా నడుస్తుంది.

నేనైతే రెండు సెకన్ల లెక్క చెప్పను. 'ఉన్నావా' అని అర సెకనుకోసారి అడుగుతూ ఉండమంటాను. బోర్డు తన పేరు చెప్పాకే అసలు పని. కొత్తదేమీ కాదిది. ఆసిలోస్కోప్, పవర్ సప్లై లాంటి పరికరాలను కంప్యూటర్‌తో నడిపే ఎస్‌సీపీఐ పద్ధతి 1990 నుంచీ ఉంది. అందులో మొదట అడిగేది నువ్వెవరు అనే. పరికరం తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్ చెబుతుంది.

ఇక సర్వో మోటారు, అంటే చెప్పిన కోణానికి తిరిగి నిలబడే మోటారు సంగతి. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరి బల్ల మీద ఈ తమాషా జరుగుతుంది. కంప్యూటర్ నుంచి 90 అని పంపుతారు. సర్వో బుద్ధిగా 90 డిగ్రీలకు తిరుగుతుంది. ఒక్క సెకను నిలబడుతుంది. తర్వాత ఎవరో పిలిచినట్టు వెనక్కి సున్నాకు వచ్చేస్తుంది. 'సార్, సర్వో పోయింది' అంటారు. ఇంకోటి పెడితే అదీ అంతే. కరెంటు చాలడం లేదంటారు, వైర్లు పీకి మళ్లీ గుచ్చుతారు, కేబుల్ మారుస్తారు.

సర్వో లక్షణంగా ఉంటుంది. బోర్డు ప్రోగ్రాంలో వాళ్లు రాసుకున్నదేమిటంటే, వచ్చిన అక్షరాలు దాచుకునే బఫర్‌లో ఏదైనా ఉంటే, అక్షరాల్లోంచి అంకెను తీసిచ్చే పార్స్‌ఇంట్ ఫంక్షన్‌తో అంకె చదివి సర్వోకు ఇవ్వమని. కంప్యూటర్ పంపినవి మూడు బైట్లు: 9, 0, చివర లైను అయిపోయిందని చెప్పే న్యూలైన్. పార్స్‌ఇంట్ 9ని, 0ని తీసుకుంటుంది, న్యూలైన్ కనబడగానే అంకె అయిపోయిందని ఆగుతుంది. కానీ ఆ న్యూలైన్‌ను బఫర్‌లోనే వదిలేస్తుంది. లూప్ మళ్లీ తిరిగొస్తుంది. బఫర్ ఖాళీగా లేదు కదా అని మళ్లీ పార్స్‌ఇంట్‌నే పిలుస్తుంది. అది న్యూలైన్‌ను దాటేసి అంకె కోసం ఎదురుచూస్తుంది. మనం మార్చకపోతే దాని ఓపిక ఒక సెకను. ఆ సెకను కాగానే ఏమీ రాలేదని సున్నా ఇచ్చేస్తుంది. సర్వో ఆ సున్నానే పాటించింది. నిజంగా సున్నా పంపినా సున్నాయే, ఏమీ అందకపోయినా సున్నాయే. ఈ రెంటికీ తేడా చెప్పలేని ఫంక్షన్‌ను మొదటి పాఠంలోనే పిల్లల చేతికిస్తున్నాం.

న్యూలైన్ వచ్చేదాకా అక్షరాలను పోగుచేసి, లైను పూర్తయ్యాకే విప్పి చూడాలి. అంకె ముందు సర్వోకు గుర్తుగా ఒక అక్షరం పంపించి, మొదటి అక్షరం అదేనా, అంకె 0కీ 180కీ మధ్య ఉందా అని పరీక్షించాలి. అన్నీ సరిపోతే తిప్పి, 'ఓకే 90' అని జవాబు పంపాలి. లేకపోతే తిప్పకుండా 'ఎర్రర్' అనాలి. అక్షరం '1'కీ అంకె 1కీ ఉన్న తేడా కూడా ఈ సందులోనే చెప్పేయొచ్చు. కీబోర్డు మీద నొక్కిన '1' బోర్డుకు చేరేసరికి 49, దాన్ని 1తో పోల్చి చూస్తే ఎల్‌ఈడీ ఎప్పటికీ వెలగదు.

వేగం పెంచితే అన్నీ సర్దుకుంటాయన్న భ్రమ ఇంకొకటి. 9600 బాడ్‌లో, అంటే సెకనుకు 9600 బిట్ల వేగంలో, ముందూ వెనకా పెట్టే స్టార్ట్, స్టాప్ బిట్లు కలుపుకుని ఒక్కో బైటుకు పది బిట్లు, అంటే సెకనుకు 960 బైట్లు. ఊనోలో వచ్చిన బైట్లు దాచుకునే బఫర్ 64 బైట్లది. బోర్డులోని మన ప్రోగ్రాం, ఆగమని చెప్పే డిలే పెట్టుకుని సెకనుసేపు నిద్రపోతే, ఇటు కంప్యూటర్ ఆపకుండా పంపుతుంటే, ఆ బఫర్ సెకనులో పదిహేనో వంతుకే నిండిపోతుంది. తర్వాత వచ్చినవి చప్పుడు కాకుండా పోతాయి. పైథాన్‌కు ఇదేమీ తెలియదు, అన్నీ పంపేశాననే అంటుంది. దీనికి విరుగుడని బాడ్ రేటు 115200కు పెంచుతారు. బఫర్ పన్నెండు రెట్లు తొందరగా నిండుతుంది!

జవాబు వచ్చాకే తర్వాతి కమాండ్ పంపితే ఈ బాధ ఉండదు. కంప్యూటర్ సూచనలతో చెక్క, లోహం కోసే సీఎన్‌సీ యంత్రాలను నడిపే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాం ఊనోలో ఉండే చిప్ మీదే నడుస్తుంది. వచ్చిన ప్రతి లైనుకూ 'ఓకే' అని గానీ, 'ఎర్రర్' అంటూ ఒక నంబరు గానీ తిప్పి చెబుతుంది. త్రీడీ ప్రింటర్లలో వాడే మార్లిన్ అనే ప్రోగ్రాం ఇంకో అడుగు ముందుకెళ్లింది. లైను నంబరు, తప్పు పట్టుకోవడానికి చెక్‌సమ్ అనే లెక్క కలిపి పంపితే, తేడా వచ్చినప్పుడు ఫలానా లైను మళ్లీ పంపమని ప్రింటరే అడుగుతుంది. మోటార్ల పక్కన వైర్లలోకి నాయిస్, అంటే అక్కర్లేని విద్యుత్ అలజడి, ఎక్కే చోట అది అవసరమే. ల్యాబ్‌లో జానెడు కేబుల్‌కు చెక్‌సమ్ కావాలని నేననను, 'ఓకే' మాత్రం కావాలి.

మొదటిరోజే ఇంత చెబితే పిల్లలు బెదిరిపోతారు, ముందు బల్బు వెలగనివ్వండి అంటారు మా తోటివాళ్లు. బల్బు వరకైతే ఒప్పుకుంటాను. వెలగకపోతే పోయేదేమీ లేదు. కానీ అదే ప్రోగ్రాంలో ఎల్‌ఈడీ తీసి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెడతారు, రిలేకు మోటారు తగిలిస్తారు, సైన్స్ ఫెయిర్‌కు పట్టుకెళతారు. మోటారు తిరుగుతుండగా లాప్‌టాప్ హ్యాంగ్ అయితే? 'ఆగు' అనే కమాండ్ ఇక రాదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది. అందుకే నా దగ్గర మోటారు ప్రాజెక్టు చేసేవాళ్లకు ఒక షరతు పెట్టాను. అర సెకను పాటు కంప్యూటర్ నుంచి ఏ కబురూ రాకపోతే బోర్డు తనంతట తానే మోటారు ఆపేయాలి. బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే మిల్లీస్ ఫంక్షన్‌తో నాలుగు లైన్ల పని. అది లేకుండా ప్రాజెక్టు మీద సంతకం పెట్టను. మార్కులు పడేముందు అందరి ఎదుటా నడుస్తున్న పైథాన్ ప్రోగ్రాంను అర్ధాంతరంగా మూసేయిస్తాను కూడా. మోటారు ఆగాలి, ఆగకపోతే ఇంటికి.

కాబట్టి ఆ వ్యాసానికి రెండో భాగం వేయండి. ఈసారి ఎల్‌ఈడీ బదులు సర్వోతో రాయించండి, బోర్డు ఇచ్చే జవాబును పైథాన్ ఎలా చదవాలో, జవాబు రాకపోతే ఎంతసేపు ఆగి ఏం చేయాలో చూపించండి. ఆర్డ్యునో సాఫ్ట్‌వేర్‌లో బోర్డు పంపేవి చూపించే సీరియల్ మానిటర్ అనే కిటికీని మూసేశాకే పైథాన్ ప్రోగ్రాం నడపాలని మొదట్లోనే పెద్దక్షరాల్లో వేయండి. విండోస్‌లో ఒక పోర్టును ఒకసారి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. ఆ సీరియల్ మానిటర్ మూయకుండా 'యాక్సెస్ డినైడ్' వస్తోందని తలపట్టుకునేవాళ్లే మా ల్యాబ్‌లో ఎక్కువ.

- ఒక ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్