తీరపు నడకలు, జీవుల ఫొటోలు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నడకలు శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నంలో వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు), బారువలో మహేంద్రతనయ కలిసే చోటు, నౌపడ ఉప్పు మడులు, తేలినీలాపురం చుట్టూ సాగాయి. సభ్యులు పంపిన ఫొటోల్లో ఒకే లోపం పదే పదే కనబడింది: పొద్దున తీసిన పిట్టలన్నీ నల్లగా నీడల్లా వచ్చాయి. తప్పు కెమెరాది కాదు. మనకు సూర్యుడు సముద్రం మీదే పొడుస్తాడు, ఒడ్డు నుంచి నీటివైపు గురిపెడితే వెలుగు ఎదురవుతుంది. అందుకే పొద్దుటి నడకలను మొగల లోపలికి మార్చాం. సముద్రానికి వీపు పెట్టి బురద మేటల వైపు చూస్తే ఎండ నేరుగా పిట్ట మీద పడుతుంది. అలల అంచున మేసేవాటికి సాయంత్రం 3.30 దాటాక వెళ్లడం మేలు.

వెలుగు తర్వాత పోటు. అది రోజుకు రెండుసార్లు వస్తుంది, మర్నాటికి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పున్నమి దగ్గర్లో నీరు బాగా లోపలికి తీస్తుంది, బాగా పైకీ ఎక్కుతుంది. నీరు తీసినప్పుడు ఉల్లంకులు (బురదలో మేసే ఒడ్డు పిట్టలు) బురదంతా చెదిరిపోతాయి, ఎంత పొడవు లెన్సుకూ అందవు. పోటుకు రెండు గంటల ముందే చేరి, చివరిదాకా మునగని మేటకు ఎడంగా కూర్చుంటే నీరే వాటిని దగ్గరికి తోలుకొస్తుంది. వెంటపడితే లేచిపోతాయి, లేచిన ప్రతిసారీ మేత పోతుంది. మన తీరంలో చలికాలం గడిపే కర్లూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి సైబీరియా ఉత్తరపు అంచుకు తిరిగి ఎగరాలి. వేసవి మొదట్లో ఒంటికి పట్టిన కొవ్వే దానికి దారిబత్తెం. పిట్ట మేత ఆపి తలెత్తితే ఇక ఒక్క అడుగూ వేయకూడదు. ఈ నియమం ఇకపై ప్రతి నడకకూ తప్పనిసరి.

ఎగిరే పిట్టకు షట్టరు సెకనులో 1/2000 వంతు, లెన్సు రంధ్రం ఎఫ్ 8, ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) ఆటోలో. ఎండలో తెల్లకొంగకు ఎక్స్‌పోజరు (ఫొటోకు అందే వెలుగు) 0.7 స్టాపు తగ్గించకపోతే ఈకల గీతలు తెల్లగా కొట్టుకుపోతాయి.

ఇసుక పీతకు కావలసింది ఓపికే. బొరియ ముందు తడి ఆరని ఇసుక ఉంటే పీత లోపలే ఉన్నట్టు. రెండు మీటర్ల దూరంలో బోర్లా పడుకుని, లెన్సును జానెడు ఎత్తులో ఉంచి పది నిమిషాలు కదలకుండా ఉండాలి. ముందు కాడల మీది కళ్లు పైకి లేస్తాయి, తర్వాత ఒకవైపు కాళ్లు వస్తాయి. అడుగుల అదురు ఇసుకలోంచే దానికి తెలుస్తుంది, వెనక నిలబడ్డవాళ్లూ మెదలకూడదు.

ఉప్పుగాలి గురించి: ఒడ్డున లెన్సు మార్చొద్దు. ఉప్పు పొరను పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయరుతో (గాలి ఊదే రబ్బరు బుడ్డితో) ఊది, మంచినీటితో కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో అద్దాలి. ఏసీ కారులోంచి దిగాక సంచి తెరవకుండా అరగంట ఆగితే గాజు మీద మంచు పట్టదు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లుపెట్టే జనవరి-ఏప్రిల్ కాలంలో రాత్రి ఫొటోలు పూర్తిగా ఆపేశాం. పిల్లలు వెలుగున్న వైపే పాకుతాయి. ఫ్లాష్, టార్చి వాటిని సముద్రం నుంచి దారి మళ్లిస్తాయి. ఈ తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవులు. తెల్లవారాక ఇసుక మీది తాబేలు జాడను ఫొటో తీయండి: పక్కనే స్కేలు పెట్టి, ఏటవాలు ఎండలో. రిడ్లే ముందు రెక్కలను ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది కనుక గుర్తులు మార్చి మార్చి పడతాయి. గూడు ఎక్కడుందోనని పుల్లతో గుచ్చొద్దు, గుడ్లు పగులుతాయి. అటవీ సిబ్బందికి చెబితే చాలు.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టిన చెట్ల కింద చప్పట్లు కొట్టి లేపడం కనబడింది. పెద్దవి బెదిరి లేస్తే పిల్లలు గూళ్లలోంచి జారిపడతాయి. అలా లేపి తీసిన ఫొటోను సంఘం ప్రదర్శనకు తీసుకోదు.

వచ్చే సీజను నడకల పట్టికలో తేదీ పక్కనే తిథి, పోటు వేళ కూడా ముద్రిస్తున్నాం. బయల్దేరే సమయం పోటును బట్టి మారుతుంది, ప్రతిసారీ చూసుకుని రండి.