తెల్లమ్మ సంతును నిలబెట్టినవాళ్లకు

ఇవాళ కనుమ. పొద్దున్నే గొడ్లను కడిగి, కొమ్ములకు పసుపు రాసి, మూపురాల మీద కుంకుమ పెట్టి, చావిడి ముందు పొంగలి వండాం. దూడకు ఇవాళ్టికి నలభై రెండు రోజులు. పండగ పని కాగానే కూర్చుని ఇది రాస్తున్నాను. 2023 డిసెంబరు 4 తుఫాను రాత్రి, మా ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే మా ఇంటికి పరుగెత్తుకొచ్చిన వాళ్లందరికీ ఎవరికి వాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను కానీ, నలుగురికీ తెలిసేలా చెప్పాలని నాయన పట్టుబట్టాడు. నాకూ అదే సబబనిపించింది.

మాది ఒంగోలు దగ్గర పల్లె. నాలుగు తరాలుగా ఒంగోలు జాతి ఆవుల్ని పెంచుతున్నాం. పెద్ద ఫారమేమీ కాదు, ఎప్పుడూ పది పన్నెండు తలలకు మించి లేవు. 1950ల్లో మా ముత్తాత పొలం మీద అప్పు చేసి ఒక పెయ్యదూడను కొన్నాడు. దాని పేరు తెల్లమ్మ. అప్పటి నుంచి మా చావిట్లో పుట్టిన ప్రతి దూడా దాని సంతే. ఆంబోతులు బయటివి, ఆవులు మాత్రం ఇంటివి. ఎంత మంచి ఆవు అమ్మకానికి వచ్చినా మా వాళ్లు కొనలేదు.

ముత్తాత దూడను ఎలా చూసేవాడో నాయన నాకు చిన్నప్పుడే నేర్పించాడు. కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు ఉండాలి. మూతి, గిట్టలు, తోక కుచ్చు నల్లగా ఉండాలి. కొమ్ములు పొట్టిగా, మొద్దుగా ఉండాలి. గంగడోలు మడతలు మడతలుగా వేలాడాలి. ఇవన్నీ అందం కోసం అనుకునేదాన్ని. ముత్తాత లెక్క వేరు. నడక చూడకుండా ఆయన ఏ దూడనీ మెచ్చుకునేవాడు కాదట. దున్నిన నేలలో తోలించి, వెనక కాలు ముందు కాలి అడుగులో పడుతోందా లేదా అని వంగి చూసేవాడట.

అచ్చోసిన ఆంబోతు అని ఇప్పుడు తిట్టుకు వాడుతున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతే వాళ్ల పేరు మీద ఒక కోడెదూడకు అచ్చు వేసి దేవుడికి వదిలేవారు. ఏ దూడ పడితే ఆ దూడను వదలడానికి కుదరదు. పశువు గురించి తెలిసిన పెద్దలు నలుగురు చూసి, సరే అన్నాకే వదలాలి. అది ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తేవాళ్లు కాదు. ఊరి ఆవులన్నిటికీ అదే తండ్రి. మా ముత్తాత పోయినప్పుడు తాత అలాగే తెల్లమ్మ మనవణ్ణి వదిలాడు. పల్లెల్లో ఈ జాతి ఇంత నికార్సుగా నిలిచిందంటే, చచ్చిపోయిన మనిషి పేరున తమ దగ్గరున్న వాటిలో మేలైన దూడను ఊరికి ఇచ్చేసిన ఇళ్లవాళ్ల వల్లే.

మా పక్కనే ఉన్న కరవది ఊరి పేరు బ్రెజిల్లో పశువులు పెంచేవాళ్లందరికీ తెలుసు. 1962లో మన దగ్గర నుంచి వెళ్లిన ఒక ఆంబోతుకు అక్కడ ఆ పేరే ఉంది. మన జాతిని వాళ్లు నెలోరే అంటారు, మన నెల్లూరు పేరు మీద. 2023లో వియాటినా-19 అనే నెలోరే ఆవుకు అక్కడ 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. సంతోషమే. కానీ దాని ముత్తవ్వలు మేసిన నేల మీద, ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లతో పని లేక, బీళ్లు లేక, జొన్న వేసేవాళ్లు తగ్గి చొప్ప దొరక్క, ఒక్కో చావిడీ ఖాళీ అవుతుంటే చూస్తూ పెరిగిన దాన్ని నేను.

మా చావిడీ దాదాపు ఆ దారిలోనే ఉంది. నాయనకు మేం ఇద్దరు ఆడపిల్లలం. ఆయన మోకాళ్లు పనిచేయడం మానేశాక గొడ్ల పని నేను తీసుకున్నాను. 2022లో లంపీ చర్మవ్యాధి వచ్చి రెండు ఆవులు, ఒక పెయ్య పోయాయి. ఒళ్లంతా గడ్డలు తేలి, మేత మానేసి, కళ్ల ముందే పోయాయి. తెల్లమ్మ సంతులో ఈనగలిగిన ఆవు గౌరి ఒక్కటే మిగిలింది. అది మూడు ఈతలు ఈనితే మూడూ కోడెలే. వయసు మీద పడుతోంది. ఈసారి గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధన ఫారం నుంచి సెమన్ తెప్పించి వేయించాం. చూడి నిలిచింది. మా ఇంట్లో ఆ తొమ్మిది నెలలూ అందరికీ ఒకటే టెన్షన్.

డిసెంబరు 4 సాయంత్రానికే గాలి తిరిగింది. మిచౌంగ్ తుఫాను మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, మాకు ముందు రాత్రే కాళరాత్రి అయింది. 1977 తుఫాను రాత్రి మా తాత చేసిన మొదటి పని కొడవలితో పలుపులు కోసేయడం. కట్టేసిన గొడ్డు నీళ్లలో బతకదు అని నాయన వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. రాత్రి ఎనిమిదికి చావిడి రేకులు రెండు లేచిపోగానే అన్నిటినీ విప్పేశాం. విప్పాం సరే, ఎక్కడికి తోలాలి?

మా వీధి చివర పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉన్నవాళ్లు పిలవకుండానే లాంతరు పట్టుకుని వచ్చారు. ఆకు గ్రేడింగ్ చేసుకునే షెడ్డు తలుపులు బార్లా తీసి, "అన్నిటినీ ఇటు తోలమ్మా" అన్నారు. అప్పటికే వాళ్ల పొగాకు తోట మోకాలి లోతు నీళ్లలో ఉంది. ఆ సంగతి మాతో అనలేదు. మర్నాడు వేరేవాళ్లు చెబితే తెలిసింది.

గౌరి మాత్రం కదలలేదు. తొమ్మిదిన్నరకు నీటితిత్తి పగిలింది. రెండు ముందు కాళ్లు కనిపించాయి. మూతి కనిపించలేదు. కంగారులో నేను తాడు తెమ్మని అరిచాను. అప్పుడు మా బజారు పెద్దాయన, ఎనభై దాటిన మనిషి, గోనెసంచి కప్పుకుని వానలో నడిచి వచ్చాడు. చూసీ చూడగానే, "లాగితే తల్లీ పిల్లా రెండూ పోతాయి. తల పక్కకు తిరిగింది. డాక్టరు చెయ్యి పడాల్సిందే" అన్నాడు. గుమ్మంలో కూర్చుని, డాక్టరు వచ్చేదాకా ఎవర్నీ తాడు ముట్టుకోనివ్వలేదు. పెద్దాయనా, ఆ రాత్రి మీ మాట కాదని ఉంటే ఇవాళ ఇది రాసేదాన్ని కాదు.

కరెంటు లేదు, ఫోన్లు కలవడం లేదు. మా ఆయన ఒంగోల్లో చిక్కుకుపోయాడు. వీధిలో పిల్లలు ఇద్దరు పంచాయతీ ఆఫీసు మేడ ఎక్కి, ఎలాగో సిగ్నల్ దొరికించుకుని డాక్టరమ్మ గారికి చెప్పారు. ఆవిడ ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. ఆ వానలో, ఆ వేళకు, పొద్దున వస్తానని ఉంటే ఎవరూ తప్పుపట్టరు. ఆవిడ అడిగింది ఒక్కటే: "వాగు దాకా నేను వస్తాను. అక్కడికి ట్రాక్టరు పంపగలరా?" ఆ పిల్లలే ట్రాక్టరు తీశారు. చప్టా మీద నీళ్లు పారుతుంటే ఒకడు నడుముకు తాడు కట్టుకుని, కర్రతో దారి చూసుకుంటూ ముందు నడిచాడట. ఆ పిల్లల తల్లులకు కూడా దణ్ణం పెడుతున్నాను.

డాక్టరమ్మ గారు వస్తూనే జడ ముడేసుకుని, భుజం దాకా చెయ్యి కడుక్కున్నారు. ట్రాక్టరు లైటు వెలుగులో తోక మొదట్లో ఇంజెక్షన్ ఇచ్చి, చెయ్యి లోపలికి పెట్టి కళ్లు మూసుకున్నారు. మేమంతా ఆవిడ ముఖమే చూస్తున్నాం. కాసేపటికి, "నోట్లో వేలు పెడితే చప్పరిస్తోంది. బతికే ఉంది" అన్నారు. ఆ మాటకు నా కాళ్లలోకి బలం వచ్చింది.

దూడను బయటికి లాగడం కాదు, ముందు లోపలికి నెట్టాలని అప్పుడే తెలుసుకున్నాను. నెట్టి, చోటు చేసుకుని, దవడ పట్టుకుని కొంచెం కొంచెంగా తల తిప్పుకురావాలి. నలభై నిమిషాలు పట్టింది. గౌరి ముక్కిన ప్రతిసారీ ఆవిడ చెయ్యి తల్లి ఎముకకూ దూడ తలకూ మధ్య నలిగిపోయేది. పళ్లు బిగబట్టి ఆగేవారు, మళ్లీ మొదలుపెట్టేవారు. తల దారికి వచ్చాక, పెద్దాయన గుమ్మంలో నుంచి "ఇప్పుడు... ఆగు... ఇప్పుడు" అంటుంటే, నొప్పి వచ్చినప్పుడే నలుగురం పట్టి లాగాం. దూడ నేల మీద పడింది. ఊపిరి లేదు. ఆవిడ ముక్కులో జిగురు తీసి, గడ్డిపరక పెట్టి తిప్పారు. నేను గోనెసంచితో పక్కటెముకలు రుద్దుతూనే ఉన్నాను. ఎంతసేపో గుర్తులేదు. దూడ తుమ్మింది.

నాయన కర్ర పక్కన పడేసి, వంగలేని మోకాళ్ల మీదే వంగి, తోక ఎత్తి చూశాడు. "పెయ్య" అన్నాడు. అక్కడే బురదలో కూలబడి ఏడ్చాడు. మా నాయనమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు.

దూడ ముర్రుపాలు తాగి, గౌరికి కాల్షియం ఎక్కించడం పూర్తయ్యేదాకా డాక్టరమ్మ గారు కదల్లేదు. తెల్లారాక మా ఇంట్లో ఒక గ్లాసు టీ తాగారు, అంతే. ఆ చెయ్యి వారం రోజులు పైకి లేవలేదని తర్వాత తెలిసింది. అమ్మా, మీకు మా ఇంటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది.

తుఫానుకు మా వామి మొత్తం తడిసి కుళ్లిపోయింది. అద్దంకి వైపు నుంచి, మా ముఖం కూడా తెలియని ఒక రైతు ట్రాక్టరు నిండా జొన్నచొప్ప పంపాడు. డబ్బు ఇవ్వబోతే డ్రైవరు తీసుకోలేదు. ఒంగోలు పశువులు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అన్నలూ తమ్ముళ్లూ కలిసి 38,000 రూపాయలు పోగుచేసి పంపారు. చావిడికి కొత్త రేకులు ఆ డబ్బుతోనే పడ్డాయి. ఒక్క రూపాయి వేరే దానికి వాడలేదు, లెక్క గ్రూపులో పెట్టాను.

గౌరి బాగుంది, మేత పట్టింది. దూడ పుట్టినప్పుడు ఒంటి మీద ఉన్న గోధుమ ఛాయ విడిచి, తెలుపు తేలుతోంది. కంటి చుట్టూ కాటుక పుట్టుకతోనే ఉంది. నాయన ఇవాళ దాన్ని చావిడి ముందు నడిపించి, వంగి అడుగులు చూశాడు. పేరు తెల్లమ్మ అనే పెట్టాడు. ఇది ఎదిగి ఈనడానికి మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. అప్పుడు పుట్టే మొదటి పెయ్యదూడ బ్యారన్ వాళ్లకని పొద్దున పొంగలి దగ్గర మాట ఇచ్చాడు. వాళ్ల అమ్మాయి అప్పుడే దూడకు కట్టడానికి మువ్వలు కొనుక్కొచ్చి పెట్టుకుంది.