ఆదివారం కాజీపేటలో బొమ్మ రైళ్ల మరమ్మతు

మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కాజీపేటలో మా ఇంటి డాబా మీద కలుద్దాం. మొన్న హనుమకొండలో పాత సామాన్ల కొట్టులో, తూకానికి పోబోతున్న అట్టపెట్టె ఒకటి దొరికింది. అందులో రెండు బొమ్మ ఇంజన్లు, ఐదు బోగీలు, కొన్ని వంకరపోయిన పట్టాలు ఉన్నాయి. ఒక ఇంజన్ ఇరుసుకు తలవెంట్రుకలు, తివాచీ పోగులు దారపు ఉండలా చుట్టుకుని ఉన్నాయి. మోటారు కాలిపోయిందనుకుని పారేసినట్టున్నారు. నాకైతే అది బతుకుతుందనే నమ్మకం.

పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అంటే బొమ్మ రైళ్ల సైజుల్లో హెచ్ఓ అనేది కావచ్చు, డబుల్ ఓ అనేది కావచ్చు. రెండింటికీ పట్టా ఒకటే, బండి కొలత వేరు (హెచ్ఓ అసలు రైలులో 87వ వంతు, డబుల్ ఓ 76వ వంతు). బోగీలు కొలిచి తేల్చాలి.

మీరు తేవలసినవి: చిన్న స్క్రూడ్రైవర్లు, పాత టూత్‌బ్రష్, దూది పుల్లలు, కుట్టుమిషన్ నూనె. చక్రాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నడిపి చూడటానికి 12 వోల్టుల డీసీ సరఫరా నా దగ్గర ఉన్నాయి.

నూనె ఒక్క చుక్క చాలు! పోయినసారి ఒకరు (పేరు చెప్పను) పోసిన నూనెతో మిర్చి బజ్జీలు వేయవచ్చు.

పాత రంగులో సీసం ఉండవచ్చు, గరుకు కాగితంతో రుద్దకండి. పోత లోహం మీద సన్నని పగుళ్లు కనిపిస్తే స్క్రూలు బిగించకుండా పక్కన పెట్టండి.

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి. సర్వపిండి ఎందరికి చేయాలని అమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.