డీజీపీ గారూ, నోటీసు ఇచ్చాక ఆ రాత్రి సంగతేంటి?

తెలంగాణ డీజీపీ గారికి,

నమస్కారం. భర్త కొడుతున్నాడని 112కి ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు. చాలాసార్లు ఇద్దరికీ సర్దిచెబుతారు, లేదంటే విచారణకు రమ్మని అతనికి నోటీసు ఇస్తారు. అది జేబులో పెట్టుకుని అతను అదే ఇంటికి వెళ్తాడు. అడిగితే "సుప్రీంకోర్టు అరెస్టులు వద్దంది" అంటారు.

2014లో అర్నేశ్ కుమార్ కేసులో కోర్టు అలా అనలేదు. 7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అలవాటుగా అరెస్టు చేయొద్దంది. భార్యను హింసిస్తే భర్త మీద, అతని బంధువుల మీద పెట్టే 498ఏ సెక్షన్ కింద మంచాన పడ్డ తాతల్ని, విదేశాల్లో ఉన్న ఆడబిడ్డల్ని కూడా అరెస్టు చేస్తున్నారని బాధపడింది. ఆ తీర్పు అవసరమే. కానీ మళ్లీ నేరం చేయకుండా ఆపడానికి అరెస్టు చేయొచ్చని అరెస్టులు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షనే చెబుతోంది. అరెస్టు అక్కర్లేదనుకుంటే ఎందుకో రాసిపెట్టాలి కూడా. మీ ఎస్సైలు రాస్తున్నారా?

అదే చట్టంలో 170వ సెక్షన్ కూడా ఉంది. నేరం ఆపడానికి వేరే దారి లేకపోతే వారెంట్ లేకుండా పట్టుకుని, 24 గంటలు మించకుండా ఉంచొచ్చు. ధర్నాల ముందురోజు మాత్రం ముందస్తు అరెస్టులు బాగానే గుర్తొస్తాయి మరి!

2005 నాటి గృహహింస చట్టం కింద కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే అది నాన్‌బెయిలబుల్ నేరం. ఆ కాపీ పట్టుకొచ్చిన ఆడమనిషిని "కోర్టుకే వెళ్లమ్మా" అని పంపొద్దని అన్ని స్టేషన్లకూ సర్క్యులర్ ఇవ్వండి. అరెస్టు చేయని ప్రతి కేసులో ఆ కారణం కాపీ ఆమె చేతికి ఇప్పించండి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక పౌరురాలు