దివ్యాంగ పిల్లల తల్లిదండ్రులుగా ఈ ఏడు మనం చేసిన పని: 2024-25 వార్షిక నివేదిక, మహబూబ్‌నగర్

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో ఒక మాట అనుకున్నాం. బడి రిజిస్టర్లో పేరు ఉండి కూడా ఇంట్లోనే ఉండిపోతున్న పిల్లల దగ్గరికి వెళ్లాలని. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన పనంతా దాదాపు దాని చుట్టూనే తిరిగింది. అందుకే ఇందులో మీటింగుల సంగతి తక్కువ, ఇళ్ల సంగతి ఎక్కువ ఉంటుంది.

జూన్‌లో బడిబాట (పిల్లలను బడిలో చేర్పించే కార్యక్రమం) సమయంలో మనవాళ్లు కొందరు టీచర్ల వెంట హన్వాడ, కోయిల్‌కొండ, దేవరకద్ర వైపు ఊళ్లు, తండాలు తిరిగారు. పాలమూరు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది! అమ్మానాన్న బొంబాయికో పుణెకో పనికి పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. నడిచే బిడ్డనైతే అవ్వ బడికి తోలుతుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు సరిగా కదలని వైకల్యం) ఉన్న బిడ్డను ఎట్లా తోలాలి? ఒక తండాలో అదే అడిగితే, "నేనే కట్టె పట్టుకొని నడుస్త, దాన్నెట్ల మోస్త బిడ్డా" అంది ఆ అవ్వ. పాప మూడో తరగతి. మేం వెళ్లేసరికి గడప పక్కన గోనెపట్టా మీద కూర్చుని, బడి నుంచి ఇచ్చిన తెలుగు పుస్తకంలో బొమ్మలు చూస్తోంది. పుస్తకం కొత్తగా, అట్ట కూడా నలగకుండా ఉంది.

తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే వీలును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. ఐఈఆర్పీలు (దివ్యాంగ పిల్లలకు నేర్పే ప్రత్యేక టీచర్లు) ఇళ్లకు వచ్చి నేర్పుతున్నది దాని ప్రకారమే. అయితే ఆ వీలు కోరుకోవాల్సింది మనం. "మీ పాపకు ఇంటి దగ్గరే చెప్పిస్తాం లెండి" అని బడివాళ్లు ముందుగానే తేల్చేస్తే తల ఊపి రావద్దు. ఆ తండా పాప కోసం రవాణా, ఎస్కార్ట్ (తోడు వచ్చే మనిషి) భత్యాలకు దరఖాస్తు పెట్టించాం. ఫిజియోథెరపీ ఉన్న రోజు ఆటోలో భవిత కేంద్రానికి (దివ్యాంగ పిల్లల కోసం నడిచే ప్రభుత్వ కేంద్రం) వస్తోంది. రోజూ బడికి మాత్రం ఇంకా రావడం లేదు. ఆ పని అయిపోయిందని రాయలేను.

వినికిడి యంత్రాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే జరిగింది. మా బాబుకు క్యాంపులో రెండు చెవులకూ మిషన్లు ఇచ్చారు. ఆ రోజు ఎంత సంతోషపడ్డామో! కొన్ని నెలలకు వాడు పెట్టుకోనని మారాం మొదలుపెట్టాడు. మొండితనం అనుకొని నేను కోప్పడ్డాను. తర్వాత మిషన్లు స్టీలు డబ్బాలోకి వెళ్లిపోయాయి. వాడు క్లాసులో చివరి బెంచీకి వెళ్లిపోయాడు. అసలు విషయం దవాఖానలో ఆడియాలజిస్టు చూసి చెప్పేదాకా మాకు తెలియలేదు. పిల్లవాడు పెరుగుతుంటే చెవి కూడా పెరుగుతుంది. చెవిలో పెట్టే మోల్డ్ వదులైతే సందులోంచి శబ్దం బయటికి వచ్చి, తిరిగి మిషన్‌లోకే పోయి కీచుమని కూస్తుంది. ఆ కూతకు పక్క పిల్లలు నవ్వుతున్నారట. వాడు పెట్టుకోనన్నది అందుకు. కొత్త మోల్డ్ చేయించాక మిషన్ మళ్లీ చెవికి వచ్చింది. ఆ నెలలు మాత్రం తిరిగి రావు.

దీని తర్వాత మన సభ్యుల ఇళ్లలో విచారిస్తే, డబ్బాల్లో ఉన్న మిషన్లు ఇంకా బయటపడ్డాయి. కొన్ని మోల్డ్ వదులై, ఎక్కువవి బ్యాటరీ లేక. చిన్న బ్యాటరీ వారం పది రోజులకే అయిపోతుంది, మండలంలో ప్రతి మెడికల్ షాపులోనూ దొరకదు. అందుకే బ్యాటరీలు కలిపి తెప్పించి, భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ రోజున పంచడం మొదలుపెట్టాం. ఈ ఏడు మనం పెట్టిన ఖర్చుల్లో నా మటుకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

ర్యాంపు సంగతి. ఒక ఉన్నత పాఠశాలలో ర్యాంపు కట్టామని చెబితే చూడ్డానికి వెళ్లాం. అరుగు రెండడుగుల ఎత్తు, ర్యాంపు పొడవు ఆరడుగులు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడిని ఇద్దరు తోస్తే కూడా ఎక్కలేదు, దిగేటప్పుడు కుర్చీ జారి మా ప్రాణాలు పోయినంత పనైంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. అంటే అక్కడ ఇరవై నాలుగు అడుగులు కావాలి. హెడ్‌మాస్టర్ గారు కాదనలేదు, ఇంత చోటు ఎక్కడిదన్నారు. మన సభ్యుల్లో తాపీ పని చేసే ఒక తండ్రి సుద్దముక్కతో గోడ వెంబడి గీసి చూపించాడు: పన్నెండు అడుగులు ఇటు, మధ్యలో కుర్చీ తిప్పుకునే చదును, మళ్లీ పన్నెండు అటు. అట్లాగే కట్టారు, పట్టుకోవడానికి పైపు కూడా పెట్టారు. మరుగుదొడ్డికి మాత్రం ఇప్పటికీ రెండు మెట్లున్నాయి. క్లాసులోకి చేరిన పిల్లవాడు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చోవాల్సి వస్తుంటే మన పని సగంలో ఉన్నట్టే.

డిసెంబర్‌లో సమగ్ర శిక్ష (ప్రభుత్వ బడి విద్యా పథకం) ఉద్యోగులు రెగ్యులరైజేషన్ కోసం సమ్మెకు దిగారు. ఐఈఆర్పీలూ అందులో ఉన్నారు, దాదాపు నెల రోజులు భవితకు వచ్చే పిల్లలు ఇళ్లలోనే ఉన్నారు. మన కార్యవర్గంలో దీని మీద గట్టిగానే వాదన జరిగింది. పిల్లలకు నష్టం కాబట్టి అభ్యంతరం చెప్పాలని కొందరన్నారు. నా అభిప్రాయం వేరు. కొలువుకు భరోసా లేని టీచర్‌ను మన పిల్లలకు భరోసా ఇమ్మని ఎట్లా అడుగుతాం? చివరికి వాళ్ల శిబిరానికి వెళ్లి మద్దతు చెప్పి వచ్చాం.

ప్రత్యేక విద్య టీచర్ల విషయంలో కొంత కదలిక ఉంది. 2024 తెలంగాణ డీఎస్సీలో (టీచర్ల నియామకం) మొత్తం 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టులు పెట్టారు. ప్రాథమిక స్థాయిలో పది మంది దివ్యాంగ విద్యార్థులకు ఒకరు, ఆపైన పదిహేను మందికి ఒకరు ప్రత్యేక టీచర్ ఉండాలన్న నిష్పత్తి ప్రకారం పోస్టులు నోటిఫై చేయాలని 2025 మార్చి 7న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ లెక్క మన పిల్లల పేర్ల మీదే ఆధారపడుతుంది. మీ బిడ్డ వైకల్యం యూడైస్‌లో (బడి పిల్లల వివరాలు రాసే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డు) నమోదు కాకపోతే ఆ పదిమందిలో మీ బిడ్డ లేనట్టే. దయచేసి బడికి వెళ్లి కంప్యూటర్‌లో ఏమి నమోదైందో చూడండి. అమ్మాయిలకు నెలకు 200 చొప్పున పది నెలలు వచ్చే స్టైపెండ్ ఆగేది కూడా చాలాసార్లు ఇక్కడో, బ్యాంకు ఖాతా దగ్గరో.

పది పరీక్షలకు ఈసారి నవంబర్‌లోనే కాగితాలు మొదలుపెట్టాం. ఏటా ఆఖరి వారంలో స్క్రైబ్ (పిల్లలు చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి) కోసం పరుగెత్తి పడే టెన్షన్ తప్పింది. చూపు తక్కువ ఉన్న ఒక అబ్బాయిని, వాడికి రాయబోయే తొమ్మిదో తరగతి అమ్మాయిని మూడు వారాల ముందు నుంచే కలిపి కూర్చోబెట్టాం. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. "ఎక్స్ ప్లస్ టూ బై త్రీ" అని వాడంటే, మూడు అనేది "ఎక్స్ ప్లస్ టూ" మొత్తం కిందికి రావాలో, ఒక్క రెండు కిందికే రావాలో ఆ అమ్మాయికి ఎట్లా తెలుస్తుంది? "బ్రాకెట్ మొదలు, బ్రాకెట్ అయిపోయింది" అని చెప్పడం ఇద్దరూ అలవాటు చేసుకున్నారు.

సర్టిఫికెట్ల సంగతి: వైకల్య సర్టిఫికెట్లకు రాష్ట్రం వాడిన సదరం పద్ధతి పోయి, దేశమంతటికీ ఒకటే అయిన యూడీఐడీ గుర్తింపు కార్డు వచ్చింది. పాత సర్టిఫికెట్ ఉన్నవాళ్లు పారేయకండి. 2016 చట్టం ప్రకారం నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు. పద్దెనిమిది దగ్గర పడుతున్న మానసిక దివ్యాంగుల తల్లిదండ్రులు చట్టబద్ధ సంరక్షకత్వం కోసం కలెక్టర్ గారి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ విషయం మన దగ్గర ఇంకా చాలామందికి తెలియదు.

జమాఖర్చుల పుస్తకం, రసీదులు సమావేశం రోజు టేబుల్ మీద ఉంటాయి, ఎవరైనా తిరగేయవచ్చు. వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు పనులు ప్రతిపాదిస్తోంది: బడుల్లో మరుగుదొడ్లు, ఆరు నెలలకోసారి మోల్డ్‌ల పరీక్ష, తండా పాప బడికి రోజూ వచ్చే ఏర్పాటు. సమావేశానికి వచ్చేటప్పుడు పిల్లల యూడీఐడీ కార్డు లేదా సదరం జిరాక్సు, ఇంట్లో వాడకుండా పెట్టిన వినికిడి మిషన్ ఏదైనా ఉంటే అది కూడా తీసుకురండి.

– కార్యదర్శి